బండ మీద సెల్లు వదిలి వినే మనిషి

మొన్న పొద్దున కొండ కింద బండి ఆగిన చప్పుడైతే ఆయనే అనుకుని చెంబుతో నీళ్ళు తీసుకుని పోయాను. ఆయన కాదు. భుజాన సంచి మాత్రం అదే, పక్క జేబు చిరిగి దబ్బనంతో కుట్టిన నల్ల సంచి. దాన్ని మోసుకొచ్చింది ఇంకెవరో పడుచు మనిషి.

"ముందొచ్చే ఆయన యాడప్పా?" అని అడిగాను.

"నీకు తెల్దామ్మా? వానలకు ముందే పోయినాడంట. జొరమొచ్చి పడుకున్నోడు మల్లా లెయ్యలేదంట. ఇంగ ఈ కెమెరాలు నేనే సూసుకోవల్ల."

చెంబు అతనికే ఇచ్చాను. తాగాడు. నేను ఆ సంచినే చూస్తూ నిలబడ్డాను.

నాకు సంతకం చేయడం వరకే వచ్చు. నేను చెబుతుంటే ఇదంతా మా తమ్ముని కూతురు రాస్తోంది. ఆయన పేరేం రాయాలత్తా అని అడిగింది. ఆయన పేరు నాకు తెలియదు. నేను అన్నా అన్నాను, ఆయన అమ్మా అన్నాడు. ఆ రెండు మాటలతోనే మా పని గడిచిపోయింది. పేరుతో పిలవాల్సిన అవసరం రాలేదు. ఆదోనిలో ఉండేవాడని, ఒకప్పుడు టేప్ రికార్డర్లు, టార్చిలైట్లు బాగుచేసే కొట్టు నడిపాడని, ఆ సామాన్లు వాడేవాళ్ళు లేక కొట్టు మూసేశాడని తెలుసు. అంతకుమించి నేను అడగలేదు. ప్రశ్నలన్నీ ఆయనే అడిగేవాడు.

మా ఊరు కోసిగికి అవతల. కొండ దాటి కొంచెం పోతే కర్ణాటక. కొండ మీద ఏ జంతువులు తిరుగుతున్నాయో తెలుసుకోవడానికి ఎవరో చదువుకున్నవాళ్ళు అక్కడక్కడ కెమెరాలు కట్టించారు. ఆకుపచ్చ రంగు, ఇటుకంత ఉంటుంది ఒక్కొక్కటి. దాని ముందర ఏది కదిలినా ఫోటో తీస్తుంది. తీసిన ఫోటోను తీగా గీగా లేకుండా ఆదోనిలో ఆయన ఫోనుకు పంపుతుంది. ఆ కెమెరాలకు బ్యాటరీ సెల్లులు మార్చడం ఆయన పని.

మొదటిసారి వచ్చిన రోజు మా దొడ్డి పక్క బండ మీద తువాలు పరిచి, సెల్లులన్నీ వరసగా పేర్చి కూర్చున్నాడు. ఒక్కొక్కటి తీసి, బెత్తెడు ఎత్తు నుంచి బండ మీద నిలువుగా వదులుతాడు. చెవి కిందికి పెట్టి వింటాడు. ఒకటి టప్పుమని పడి ఊరుకుంటే కుడిపక్క పెట్టాడు. ఇంకొకటి టింగుమని ఎగిరి దొర్లిపోతే ఎడమపక్క పారేశాడు. నేను గొర్రెలను విడవడం మరిచిపోయి చూశాను.

"ఏం జేస్తాండావన్నా?"

"యాది బతికుందో, యాది సచ్చిందో సూస్తాండానమ్మా."

"ఎగిరి గంతేసేది బతికున్నట్టు గదా."

ఆయన నవ్వాడు. ముందరి పన్ను ఒకటి లేదు. "సెల్లుల్లో అట్ల గాదు. లోపల శక్తి నిండుగా ఉంటే మెత్తగా, బరువుగా ఉంటాది. పడినకాడ కూసుంటాది. వాడేసినాక లోపలంతా బిగుసుకుపోతాది. అది ఎగురుతాది." ఒకటి నా చేతికిచ్చి వదలమన్నాడు. వదిలాను, టప్పుమంది. ఆయన ముఖం చూడాలి, ఆ సెల్లును నేనే తయారుచేసినట్టు చూశాడు.

ఇంకో అలవాటు ఉండేది. ఒక కెమెరాలో వేసే సెల్లులన్నీ ఒక్క పెట్టెలోవే కావాలి. పాతదాని పక్కన కొత్తది పెట్టనిచ్చేవాడు కాదు. పెడితే పాతది కొత్తదాన్ని కూడా పీల్చేస్తుందట. "ఒక పంక్తిలో కూసున్నోళ్ళు ఒకేసారి లెయ్యల్ల" అనేవాడు. తీసినవాటిలో ఇంకా టప్పుమనేవి ఉంటే నాకిచ్చేవాడు. "ఈ ముసిలోళ్ళు కెమెరాకు పనికి రారు. గోడ గడియారానికి చాలు. దానికి అడుగు తీసి అడుగేసే ఓపిక ఉంటే సరిపాయె." మా ఇంట్లో గడియారం ఇప్పటికీ ఆయనిచ్చిన ముసలి సెల్లులతోనే తిరుగుతోంది.

కెమెరా కట్టాక ఆయన చేసే పని చూసి మా ఊరివాళ్ళు చాలా రోజులు నవ్వుకున్నారు. పంచె పైకి దోపి, మోకాళ్ళ మీద, చేతుల మీద దాని ముందర పాకేవాడు. మనిషిలాగా నిలబడి నడిస్తే కెమెరా మనిషినే పట్టుకుంటుందట, జంతువు ఎత్తులో పోతేనే దాని చూపు సరిగ్గా ఉందో లేదో తెలుస్తుందట. పాకుతూ పాకుతూ మధ్యలో ఆగి, మొహం దానివైపు తిప్పి అడిగేవాడు.

"కనపడతాండానప్పా?"

కెమెరా ఏం చెబుతుంది? బండ కాలుతుంటే ఒక అరచెయ్యి పైకెత్తి, జవాబు వచ్చేదాకా అట్లే ఉండేవాడు. నేను నవ్వాపుకోలేక పక్కనున్న రాతిగుండు వెనక నుంచి అనేదాన్ని. "కనపడతాండావులే అన్నా, లెయ్. మోకాళ్ళు పోతాయి."

అప్పుడు లేచేవాడు, నడుం పట్టుకుని.

ఇదంతా నవ్వులాటగా చెబుతున్నాను గానీ, ఆ ఏడాది నా బతుకు ఆ ఇటుకంత డబ్బా మీద నిలబడి ఉంది. మా ఆయన పోయాక నాకు మిగిలింది గొర్రెల మంద. ఆ ఏడాది గొర్రెపిల్లలు మాయం కావడం మొదలైంది. పొద్దు గూకే వేళకు ఒకటి, తెల్లారే వేళకు ఒకటి. నెత్తురు చుక్క ఉండదు, అరుపు ఉండదు. మా మరిది ఒకటే మాట పట్టుకున్నాడు.

"అది సిరత వదినా. ఇయ్యాల పిల్లను ఎత్తుకపోయింది, రేపు నిన్ను ఎత్తుకపోతాది. మందను అమ్మి మాతో సుగ్గికి రా. మేస్త్రీ మనుసుల్ని అడుగుతాండాడు."

మా వైపు పంటలు అయిపోయాక మిరపకాయలు కోయడానికి ఇంటిల్లిపాదీ లారీలెక్కి దూరం ఊర్లకు పోతారు. దాన్నే సుగ్గి అంటాం. మా మరిది చెడ్డవాడు కాదు. ఒంటరి ఆడమనిషిని కొండ కింద విడిచిపెట్టి పోవడానికి అతనికి మనసొప్పలేదు. నాకు మాత్రం మంద లేకుండా లారీ ఎక్కితే మళ్ళీ ఈ కొండ కిందికి రావడానికి కారణం ఉండదని భయం. చిరుతైతే అమ్ముతాను, కాకపోతే అమ్మను అన్నాను. ఏదన్నది తేలేదెట్లా? లారీ వచ్చేలోపల తేలాలి.

ఆ సంగతి కెమెరాలాయనకు చెప్పాను. ఆయన తువాలుతో మెడ తుడుచుకుని అడగడం మొదలుపెట్టాడు. పోయినవి మందలో ముందు నడిచేవా, వెనకబడేవా? గాలి ఎటునుంచి వీస్తుంది? గొర్రె కండ్లు తెరుచుకుని నిద్రపోతుందా? చివరిది దేనికి అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఊరికే తెలుసుకోవాలనిపించి ఉంటుంది. అన్నీ విని, దొడ్డికి పైన, వాన నీళ్ళు దిగే వంక పక్కనున్న పెద్ద గుండుకు ఒక కెమెరా కట్టాడు. ఏ జంతువు దిగినా ఆ వంకలోనే దిగాలి.

కొండ మీద తక్కిన కెమెరాలకు ఒకసారి వేసిన సెల్లులు నెలలకు నెలలు వచ్చేవి. ఈ గుండు దగ్గరిది వారం తిరగకముందే చచ్చిపోయేది. చచ్చేముందు పగటి ఫోటోలు పంపేది. అందులో అంతా నేనూ నా గొర్రెలూ. చీకటి పడితే ఏమీ లేదు.

"పగలు సూడ్డానికి దానికి పెద్ద కష్టం ల్యా" అని చెప్పాడు. "చీకట్లో మనకు కనపడని దీపం ఒకటి ఎలిగించుకుంటాది. ఆ దీపానికి ఒక్కసారిగా బలం కావల్ల. నీరసం సెల్లులు ఆడ కూలబడతాయి."

ముందు వేసినవి మామూలు నల్ల సెల్లులు. గుండు వేడికి వాటి మూతులు చెమర్చి తెల్లటి పొడి కక్కాయి. తర్వాత చార్జింగ్ పెట్టుకునే సెల్లులు తెచ్చాడు. చూడ్డానికి ఒకే తీరు, తోసే బలం తక్కువ, రెండు రాత్రులకే వాలిపోయాయి. ఆ తర్వాత బైకు బ్యాటరీ ఒకటి రాళ్ళ కింద దాచి తీగ లాగాడు. ఆ తీగను ముళ్ళపంది కొరికేసింది. కొరికేముందు దాని ఫోటో మాత్రం చక్కగా పడింది. ఆయన ఆ ఫోటో నాకు చూపించి, "దొంగతనం చేస్తా ఫోటో దిగింది సూడమ్మా" అని మురిసిపోయాడు. కోపమే లేదు ఆ మనిషికి.

నేనూ ఊరుకోలేదు. ఎమ్మిగనూరు సంతకు పోయినప్పుడు రంగు రంగు సెల్లులు కుప్ప పోసి అమ్ముతుంటే దోసెడు కొనుక్కొచ్చి ఆయన ముందర పెట్టాను. ఒకటి అరచేతిలో పెట్టుకుని ఎగరేసి బరువు చూశాడు. బండ మీద వదిలాడు. అది ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది.

"ఏమన్నా?"

"పుట్టకముందే సచ్చిందమ్మా ఇది." నా మొహం చూసి మళ్ళీ అన్నాడు, "పారేయాకు. పిల్లోల్లు ఆడుకుంటారు."

అంతటితో ఆగలేదు నేను. పగలు నా గొర్రెలు ఆ వంకలో పోవడం వల్లే గదా కెమెరా ఊరికే మేలుకుంటోంది అని, మందను కొండ అవతలిపక్క నుంచి తిప్పుకుని తీసుకుపోవడం మొదలుపెట్టాను. దూరం ఎక్కువ, పిల్లలు నడవలేక అరిచేవి. మా మరిది చూసి నవ్వాడు. "డబ్బాకు నిద్ర చెడతాదని గొర్రెల్ని తిప్పుకపోతాండావా వదినా? నీకు ఆ బ్యాటరీలాయన మందు పెట్టినాడు."

ఆఖరుకు ఆయన లిథియం సెల్లులు సంపాదించాడు. వాటిని వేడి ఏం చేయలేదట, చలి ఏం చేయలేదట. నా చేతిలో పెడితే ఖాళీ డొప్పలాగా తేలిగ్గా ఉన్నాయి. అలవాటుగా ఒకటి బండ మీద వదిలాడు. ఎగిరింది. ఇంకొకటి వదిలాడు. అదీ ఎగిరింది. కొత్తవే, కాగితం అప్పుడే చించాడు. రెండింటినీ చేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ఈటికి నా పరీక్ష పనికి రాదమ్మా."

"మరి బతికున్నాయని ఎట్ల తెల్సేది?"

"నమ్మల్ల." ఆ మాట అనడం ఆయనకు ఎంత కొత్తగా ఉందో గొంతులోనే తెలిసింది.

నమ్మి వేశాడు. అవీ వారంలోపలే చచ్చాయి. దొడ్డిలో ఇంకొక పిల్ల పోయింది. లారీ మాట ఊర్లో వినపడుతోంది. మా మరిది ఆదోని నుంచి గొర్రెల బేరగాణ్ణి పిలిపించాడు. అతను వచ్చి నా గొర్రెల వీపులు తడిమి చూసి పోయాడు. ఆ సాయంత్రం నేను అన్నం వండుకోలేదు.

మరునాడు ఆయన వచ్చి గుండు నీడన చతికిలబడ్డాడు. ఆయన దగ్గర లిథియం సెల్లులు ఇంకొక్క పంక్తికే ఉన్నాయి. వేయడానికి చెయ్యి రాలేదు. "తప్పు సెల్లుల్ది కాదేమో" అని తనలో తనే గొణుక్కున్నాడు. అంతలో చొక్కా జేబులోంచి ఫోను తీసి ఉఫ్ అని ఊదాడు.

"కాలిపోతాంది."

"ఈ గుండు కాడ నాదీ అంతే అన్నా" అన్నాను. "పొద్దున నిండా చార్జింగ్ ఉంటాది, ఈడ కూసుంటే మద్యాన్నానికే అయిపోతాది. ఎవరికన్నా చేస్తే లోపలి ఆడగొంతు ఒకసారి తెలుగులో మాట్లాడతాది, ఒకసారి కన్నడంలో మాట్లాడతాది."

ఆయన తల ఎత్తి నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా కండ్ల ముందర ఉంది. ఆకలిగొన్నవాడికి పక్కింట్లో వంట వాసన తగిలినట్టు.

"మల్లొక్కసారి జెప్పమ్మా."

చెప్పాను. అంతే, లేచాడు. నా ఫోను ఒక చేతిలో, ఆయన ఫోను ఒక చేతిలో పట్టుకుని గుండు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నన్నూ తిప్పాడు. ఈడ ఎన్ని సిగ్నల్ గీతలున్నాయి, ఆడ ఎన్ని, కూసుంటే ఎన్ని, నిలబడితే ఎన్ని. నా చెల్లెలికి ఫోను చేయించి ఆ గొంతు ఏ భాషలో పలుకుతుందో వినమన్నాడు. అది అవతల నుంచి "ఏమే, ఊరికే చేసి ఊరికే పెట్టేస్తాండావు, నీకేమైనా అయిందా?" అని తిట్టింది. ఎండ నెత్తిన ఉంది. ఆయనకు ఆ సంగతే తెలియలేదు.

చివరికి గుండుకు ఆనుకుని నిలబడి చెప్పాడు. "ఈ మొహాన కట్టినాం గదా, ఇటు మన టవరు, అటు కర్ణాటక టవరు, రెండూ సగం సగం తగుల్తాండాయి. ఇద్దరత్తలు రెండిండ్ల నుంచి పిలుస్తాంటే కోడలు వాకిట్లోనే తిరిగి తిరిగి కాళ్ళు అరగదీసుకున్నట్టు, ఇది యా టవరుకు పోవల్నో తెలీక రోజంతా ఎతుకుతా ఉంది. ఫోటో తీసేకి ఇంగ శక్తి యాడిది?" అని, మళ్ళీ, "పాపం, ఆ నల్ల సెల్లుల్ని ఊరికే తిట్టుకుంట్యా" అన్నాడు.

కెమెరాను గుండు ఇవతలి మొహానికి మార్చాడు. అక్కడికి మన టవరు ఒక్కటే తగులుతుంది, ఎండా తక్కువ. ఆఖరి పంక్తి సెల్లులు అందులో వేశాడు. మోకాళ్ళ మీద పాకాడు. కనపడతాండానప్పా అని అడిగాడు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. ఆయన లేచేదాకా గుండు వెనక నోరు మూసుకుని నిలబడ్డాను.

తర్వాత వచ్చిన రోజులన్నీ చెప్పలేను. లారీ వచ్చే రోజుకు ముందుదినం, నేను దొడ్డి తీస్తుంటే ఆయన బండి వచ్చింది. ఆదోని నుంచి అంత పొద్దున్నే, టీ కూడా తాగకుండా వచ్చాడు. ఫోను మీద తువాలు కప్పి, నీడ చేసి, నా కండ్ల ముందర పెట్టాడు.

బూడిద రంగు. పొడుగు కాళ్ళు. పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. పొట్ట కింద పాలిచ్చే చన్నులు వేలాడుతున్నాయి. వెనక గడ్డిలో రెండు చిన్న చెవులు మాత్రం కనపడుతున్నాయి.

మా మరిది కూడా వచ్చి తొంగిచూశాడు. "కుక్క గదా ఇది."

"నేనూ కుక్కే అనుకున్న్యా" అన్నాడాయన. "అందుకే అమ్మకు సూపిద్దామని వచ్చినా."

"తోడేలు" అన్నాను. "తోక సూడు, కిందికి దించుకుంది. పిల్లల తల్లి. వెనకబడిన గొర్రెపిల్లల్నే పట్టుకపోతాంది."

"తోడేలైతే మాత్రం గొర్రెల్ని తినదా వదినా?"

"తింటాది. దొడ్డికి ముళ్ళకంప ఎత్తు పెంచుతా. ఇంకో కుక్కను తెస్తా. మీ అన్న తోడేండ్లతోనే బతికె గదా అబ్బీ. సిరతకైతే నేను చేసేదేమీ ల్యా, దీనికుంది."

మా మరిది ఇంకొకసారి ఫోటో చూశాడు. బేరగాడికి ఫోను చేసి రావద్దని అతనే చెప్పాడు. మరునాడు లారీ పోయింది, నేను పోలేదు. వెళ్ళేముందు మరిది కంప కొట్టి దొడ్డి చుట్టూ వేసి మరీ పోయాడు.

ఆ రోజు ఆయన మాత్రం నా గొర్రెల సంగతి మాట్లాడలేదు. ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, ఆ చెవులవైపు చూస్తూ, "రెండేనా, ఇంకా ఉంటాయంటావా?" అని అడుగుతూనే ఉన్నాడు.

అప్పటినుంచి ఎప్పుడొచ్చినా ముందు ఆ పిల్లల గురించే అడిగేవాడు. ఆఖరుసారి వచ్చింది ఎండాకాలంలో. గుండు దగ్గరి కెమెరాకు కొత్త లిథియం పంక్తి వేసి, నా దగ్గర మజ్జిగ తాగి పోయాడు. ఒళ్ళు బాగాలేదని ఏమీ చెప్పలేదు. నేనూ చూసి తెలుసుకోలేదు.

మొన్న ఆ పడుచు మనిషిని గుండు దగ్గరికి నేనే తీసుకుపోయాను. అతను మూత తెరిచి, చిన్న మీటరు పెట్టి చూసి, "సగం పైనే ఉండాయి. మంచి సెల్లులే ఏసినాడు పెద్దాయన" అన్నాడు. తర్వాత చిన్న తెర మీద ఫోటోలు వెనక్కి జరుపుతూ పోయాడు. ముళ్ళపంది, నెమలి, నా గొర్రెలు, తోడేలు పిల్ల ఒకటి తల్లంత ఎదిగినది. అన్నింటికంటే ముందర పడిన ఫోటో దగ్గర ఆగి నవ్వాడు.

"ఎవరో ముసలాయన, నాలుగు కాళ్ళ మీద పాకుతాండాడు సూడమ్మా."

చూశాను. నెత్తికి తువాలు. ఒక అరచెయ్యి కాలే బండ మీద నుంచి పైకి లేచి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ముందరి పన్ను లేని సందు కూడా కనపడుతోంది.

"మార్చమన్నారు గానీ, ఈ సెల్లులు తీసెయ్యల్నా?" అని అడిగాడు అతను.

"తీయొద్దప్పా. అవి లేసేదాకా ఉండనీ."

అతను నావైపు ఒకసారి చూసి, మూత వేయబోయాడు. నేను ఆగమని చెయ్యి పెట్టి, ఆ చిన్న తెర దగ్గరికి వంగాను.

"కనపడతాండావులే అన్నా" అన్నాను. "లెయ్."